గాల్లో బిగించకండి: ఇంటి పార్కింగులో సస్పెన్షన్ పని

(చెన్నై షోలింగనల్లూరులో ఒక అపార్ట్‌మెంట్ కింద పార్కింగులో, ఆదివారం పొద్దున తెలుగువాళ్లు కొంతమంది కూడినప్పుడు మాట్లాడింది. రికార్డింగు విని ఉన్నదున్నట్టు రాశాం.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వినబడుతోందా? తమ్ముడూ ఆ ఫ్యాను కాస్త అటు తిప్పు, మైకులో గాలే కొడుతోంది. ఆ, ఇప్పుడు బాగుంది. వాచ్‌మన్ గారిని కూడా ముందు కుర్చీలో కూర్చోబెట్టారు, మంచి పని చేశారు, రేపు మీరెవరైనా ఇక్కడ జాకీ పెడితే మొదట అడ్డొచ్చేది ఆయనే కదా. (నవ్వులు)

ఇవాళ మూడు సామాన్ల గురించే మాట్లాడతాను. లోయర్ ఆర్మ్, టై రాడ్ ఎండ్, క్యాంబర్ బోల్టు. బండి అలైన్‌మెంట్ అంతా దాదాపు వీటి చుట్టూనే తిరుగుతుంది, మూడూ ఇంట్లో మార్చుకోవచ్చు. నేను మెకానిక్కుని కాదు, మీలాగే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఓఎంఆర్‌లో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణే, కాకపోతే నా బండి పని నేనే చేసుకోవడం అలవాటు. ఇంట్లో చేసేవాళ్లకీ, ఆ మాటకొస్తే కొన్ని షెడ్లలో చేసేవాళ్లకీ కూడా ఒకటే తేడా కొడుతుంది. బండి గాల్లో వేలాడుతున్నప్పుడు అన్నీ బిగించేస్తారు, అక్కడే కొలిచేస్తారు. సస్పెన్షన్ అనేది బండి బరువు దాని మీద పడ్డాకే అసలు షేపుకి వస్తుంది. చక్రం వేలాడుతున్నప్పుడు ఆర్మ్ కిందికి వాలిపోయి ఉంటుంది, నేల మీద నిలబెడితే దాదాపు అడ్డంగా వస్తుంది. ఆ వాలిన షేపులో మీరు చేసిందేదీ నేల మీదికి వచ్చాక లెక్కలోకి రాదు. ఇవాళ ఏ సామాను గురించి చెప్పినా చివరికి ఈ మాట దగ్గరికే వస్తాను, విసుక్కోకండి.

ముందు బండి కింద ఏముందో చూద్దాం. మన దగ్గర ఉన్న చిన్న బళ్లలో, స్విఫ్ట్ కానీ ఐ20 కానీ ఫిగో కానీ, ముందు వైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక టార్షన్ బీమ్, అంటే వెనక రెండు చక్రాలనీ కలిపే అడ్డ దూలం. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే ఇంజనీరు జనరల్ మోటార్స్‌లో ఒక చిన్న కారు కోసం దీన్ని మొదలుపెట్టి, ఆ కారు బయటికి రాకుండానే ఆగిపోతే ఫోర్డ్‌కి వెళ్లిపోయాడు, 1950ల మొదట్లో ఇంగ్లండు ఫోర్డ్ కార్లు కాన్సుల్, జెఫైర్ దీంతోనే వచ్చాయి. మన మరైమలై నగర్ ఫ్యాక్టరీలో తయారైన ఫిగోల కింద ఉన్నదీ అదే. ఫోర్డ్ ఇండియాలో తయారీ ఆపేస్తున్నామని 2021 సెప్టెంబరులో చెప్పాక ఈ ఊళ్లో చాలామంది ఫోర్డ్ ఓనర్లు పానాలు పట్టడం నేర్చుకున్నారు, ఇక్కడ కూడా ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. (వెనక నుంచి ఎవరో: "నలుగురం!") నలుగురా, సంతోషం అన్నా, మీకే ఎక్కువ పనికొస్తుంది ఇది.

స్ట్రట్ అంటే ఏం లేదు, స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన పొడుగాటి స్తంభం, పైన బాడీకి, కింద నకిల్‌కి అంటే చక్రాన్ని మోసే ఇనుప దిమ్మకి, రెండు బోల్టులతో పట్టుకుని ఉంటుంది. ఆ నకిల్‌ని కింద నుంచి పట్టుకునేది లోయర్ ఆర్మ్, పక్క నుంచి తిప్పేది టై రాడ్, దాని చివరి ముక్కే టై రాడ్ ఎండ్. ఒక హెచ్చరిక మాత్రం ఇప్పుడే చెప్పేస్తా. స్ట్రట్ పైన బానెట్ తీస్తే మధ్యలో కనిపించే పెద్ద నట్టు జోలికి మాత్రం పోకండి. దాని కింద స్ప్రింగు నొక్కిపెట్టి ఉంటుంది, వదిలితే మొహం మీదికే. స్ప్రింగు పని ఉంటే స్ట్రట్ మొత్తం విప్పి తీసుకెళ్లి షెడ్డులో ఇవ్వండి, అందులో నామోషీ ఏం లేదు.

సరే, బండికి ఏదో తేడా ఉందని ఎలా తెలుస్తుంది? మాలాంటి వాళ్లం పండక్కి నెల్లూరు వెళ్తుంటాం కదా, ఎన్‌హెచ్ 16 మీద తడ దాటాక రోడ్డు నిటారుగా ఉంటుంది, అక్కడ స్టీరింగు మీద చెయ్యి కాస్త తేలిక చేస్తే బండి ఎటు లాగుతోందో తెలిసిపోతుంది. టైరు దగ్గరైతే అరచెయ్యి పెట్టి అడ్డంగా రాయండి, బయటి నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి. ఒక వైపు నున్నగా జారి, రెండో వైపు రంపం పళ్లు తగిలినట్టు గీసుకుంటే అది టో తేడా. అదేం లేకుండా లోపలి అంచు మాత్రమే బట్టతలైతే క్యాంబర్ తేడా, అంటే ముందు నుంచి చూస్తే చక్రం నిలువుగా లేకుండా లోపలికో బయటికో వాలడం, అని అనుమానించాలి. రెండంచులూ సమానంగా అరిగితే సస్పెన్షన్‌ని తిట్టకండి, గాలి తక్కువ పెట్టి తిరుగుతున్నారు అంతే.

టో అంటే పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికి చూస్తున్నాయా బయటికి చూస్తున్నాయా అన్నది. టైర్లని తినేది ఎక్కువగా ఇదే. లెక్క చూడండి, పదిహేనంగుళాల చక్రానికి రిమ్ము అంచు నుంచి అంచుకి సుమారు 400 మి.మీ. అనుకుందాం. ముందు అంచుకీ వెనక అంచుకీ 3 మి.మీ. తేడా ఉంటే ఆ చక్రం ప్రతి కిలోమీటరుకీ ఏడున్నర మీటర్లు పక్కకి ఈడ్చుకుంటూ పోతున్నట్టు. మీ ఆఫీసు ఇరవై కిలోమీటర్లుంటే మీరే గుణించుకోండి, టైరు ఎందుకు పోయిందో ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

ఇప్పుడు బండి ఎత్తడం. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, బోరు కొట్టినా వినండి. డిక్కీలో వచ్చే కత్తెర జాకీ పంక్చరప్పుడు చక్రం మార్చడానికి మాత్రమే, దాన్ని నమ్మి కిందికి దూరకూడదు. ట్రాలీ జాకీతో ఎత్తి, రెండు స్టాండ్ల మీద దించి, అప్పుడు చెయ్యి పెట్టాలి. స్టాండు పెట్టే చోటు బాడీ కింద అంచులో గాటు పెట్టి గుర్తు ఇచ్చి ఉంటుంది, అక్కడే పెట్టండి, ఫ్లోరు రేకు మీద పెడితే లోపలికి సొట్ట పోతుంది. ఇక్కడ మన పార్కింగులో చూశారా, కింద ఇంటర్‌లాకింగ్ ఇటుకలు, పైగా వాన నీళ్లు పోవడానికి వాలు. స్టాండు కాలు ఒక ఇటుక మీద, ఇంకో కాలు రెండిటుకల సందు మీద పడితే మెల్లగా ఒరుగుతుంది. మందపాటి ప్లైవుడ్ ముక్క వేసి దాని మీద పెట్టండి. ఆరుబయట తారు మీద చేసేవాళ్లకి ఇంకా ముఖ్యం, మే నెలలో మధ్యాహ్నం మన ఊళ్లో తారు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, స్టాండు కాళ్లు దిగబడిపోతాయి. వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి, విప్పిన చక్రాన్ని బాడీ కింద పడుకోబెట్టండి, ఏదన్నా జరిగినా బండి దాని మీదే ఆగుతుంది. చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే అరచుట్టు వదులు చేసుకోండి, గాల్లో ఉంటే చక్రం తిరిగిపోతుంది, ఆ లాగుడుకి బండే కదులుతుంది.

(ప్రశ్న: "అన్నా, సామాన్లు ఎక్కడ కొనాలి? పుదుపేట్టై?")

పుదుపేట్టైలో పాత బళ్ల సామాను దొరుకుతుంది తమ్ముడూ, అద్దం కావాలన్నా డోరు కావాలన్నా వెళ్లు, బేరం ఆడు, నేనూ వెళ్తా. బాల్ జాయింటు, అంటే గిన్నెలో గుండులా అన్ని వైపులా తిరిగే కీలు, అదీ టై రాడ్ ఎండూ మాత్రం పాతది కొనొద్దు, అది ఎన్ని గుంతలు చూసొచ్చిందో ఎవడికి తెలుసు. కొత్తవైతే జనరల్ పాటర్స్ రోడ్డులో వరసగా షాపులు. ఇంకో సంగతి, స్టీరింగు లింకేజీలు, బాల్ జాయింట్లు తయారుచేసే రానే మద్రాస్ వాళ్లది ఈ ఊరే, కాబట్టి ఈ సామాను కోసం ఎక్కడెక్కడో వెతకాల్సిన పన్లేదు, మీ బండి మోడలు, సంవత్సరం చెప్పి సరైనదేనా అని పాతదాని పక్కన పెట్టి చూసుకోండి చాలు.

టై రాడ్ ఎండు దగ్గరికి వద్దాం. ముందు లాక్ నట్టు ఉన్న చోట తెల్ల పెయింటుతో గుర్తు పెట్టండి. అందరూ చుట్లు లెక్కపెట్టుకుని విప్పి అన్నే చుట్లు ఎక్కిస్తారు, మంచిదే, కాకపోతే వేరే కంపెనీ సామాను పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు, అందుకని బాల్ మధ్య నుంచి రాడ్ మీద ఏదో ఒక కదలని చోటు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. చాలా బళ్లలో ఆ మర ఒక చుట్టుకి ఒకటిన్నర మిల్లీమీటర్లు జరుగుతుంది, రిమ్ము దగ్గరికొచ్చేసరికి అది నాలుగైదు మిల్లీమీటర్లవుతుంది. పావు చుట్టు తేడా అంటే మిల్లీమీటరు పైనే అన్నమాట, అది టైరుకి తెలిసేంత తేడానే.

నకిల్ నుంచి ఊడగొట్టడం ఒక కుస్తీ. టై రాడ్ ఎండు కాడ టేపర్‌గా, అంటే చివరికి సన్నబడుతూ ఉండి, బిగుసుకుపోయి ఉంటుంది. సముద్రం పక్కనున్న వాళ్లకి, తిరువాన్మియూరు, ఈసీఆర్ వాళ్లకి మరీను, ఉప్పుగాలికి తుప్పు పట్టి రాయిలా ఉంటుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి పెట్టుకోండి. నట్టు మొత్తం తీసెయ్యకుండా నాలుగు మరలు ఉంచి, నకిల్ కన్ను ఉంటుంది చూశారా, కాడ దూరిన ఆ గుండ్రటి భాగం, దాని పక్కన సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు వేస్తే టప్‌మని వదిలేస్తుంది. కాడ చివర మీద మాత్రం కొట్టకండి, మర చితికిపోయి నట్టు రాదు, ఎక్కదు. ఫోర్కు లాంటి పనిముట్టు ఒకటి అమ్ముతారు, పారేసే జాయింటుకైతే ఫర్వాలేదు, మళ్లీ వాడాల్సిన దానికి పెడితే రబ్బరు బూటు చిరిగిపోతుంది.

కొత్తది పెట్టేటప్పుడు కాడకి గ్రీజు పూయాలనిపిస్తుంది, పూయకండి, టేపర్ పొడిగా శుభ్రంగా ఉంటేనే పట్టు. నట్టు బిగిస్తుంటే కాడ కూడా దాంతో పాటు తిరుగుతుంటే కింద నుంచి జాకీతో మెల్లగా పైకి నొక్కండి, పట్టేస్తుంది. కాటర్ పిన్ను, అంటే నట్టు ఊడకుండా చిల్లులో దూర్చే పిన్ను, ఉన్న రకమైతే చెప్పిన టార్కు దాకా, అంటే చెప్పినంత బలంతో, బిగించాక చిల్లు ఎదురు రాలేదనుకోండి, ఇంకొంచెం బిగించి తర్వాతి గాటులో దూర్చండి, వెనక్కి మాత్రం వదులు చెయ్యకూడదు. నైలాన్ రింగు ఉన్న నట్టైతే కొత్తదే వెయ్యండి, పది రూపాయల దగ్గర పీనాసితనం ఎందుకు. ఇక్కడ ముందు చక్రం దిశ మొత్తం ఆ ఒక్క నట్టు మీద ఉంది.

లోయర్ ఆర్మ్. ఇదుగో, చేతిలో పట్టుకొచ్చాను, అందరికీ ఇవ్వండి, చూడండి. బరువుంది జాగ్రత్త. ఆ చివర గుండ్రంగా ఉన్నది బుష్. లోపల ఇనుప గొట్టం, బయట ఇంకో ఇనుప గొట్టం, మధ్యలో రబ్బరు రెండిటికీ అతికించేసి ఉంటుంది. ఇది బేరింగులా తిరగదు. ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడల్లా ఆ రబ్బరే మెలి తిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. ఇప్పుడు చూడండి, లోపలి గొట్టం పక్కన చంద్రవంకలా పగులుంది కదా, వేలు పెట్టి నొక్కితే తెరుచుకుంటుంది. ఒక్క వైపే చిరిగింది, రెండో వైపు కొత్తదానిలా ఉంది. ఎందుకంటారు? ఇది బిగించినాయన చక్రం గాల్లో వేలాడుతుండగానే బోల్టు పూర్తిగా బిగించేశాడు. లోపలి గొట్టం ఆ వాలిన షేపులోనే బాడీకి పట్టేసింది. బండి కిందికి దించగానే ఆర్మ్ పైకి లేచింది, రబ్బరు తడి బట్ట పిండినట్టు మెలిపడిపోయింది, బండి ఊరికే నిలబడి ఉన్నా ఆ మెలికలోనే ఉంటుంది, ఇక గుంతలో పడ్డప్పుడు ఇంకా మెలి తిరగాలంటే ఎక్కడ తిరుగుద్ది? చిరుగుద్ది. బుష్ కంపెనీని తిట్టి లాభం లేదు.

కాబట్టి ఏం చెయ్యాలి? బోల్టులు చేత్తో ఎక్కించి, పానాతో ఊరికే ఆనేదాకా తిప్పి వదిలెయ్యండి. చక్రం పెట్టి, చక్రాల కింద మందపాటి చెక్కలు వేసి బండి వాటి మీదికి దించండి, చెక్కలు ఎందుకంటే చెయ్యి, టార్కు రెంచి కిందికి దూరడానికి. అప్పుడు మాన్యువల్లో రాసిన టార్కుకి బిగించండి. చెక్కలు కుదరవంటే ఇంకో దారి ఉంది. పని మొదలుపెట్టకముందే, బండి నేల మీద ఉండగానే, చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచుకి ఎంతుందో టేపు పెట్టి రాసుకోండి. తర్వాత నకిల్ కింద జాకీ పెట్టి అదే కొలత వచ్చేదాకా ఎత్తి బిగించండి. ఈ పద్ధతిలో బాడీ స్టాండు మీంచి లేవబోతోంటే అక్కడితో ఆపెయ్యండి, ప్రాణం కన్నా బుష్ ఎక్కువ కాదు, చెక్కల పద్ధతికే వెళ్లండి.

(ప్రశ్న: "పాలీయూరిథేన్ బుష్‌లు వేస్తే ఈ గొడవ ఉండదు కదండీ?")

నిజమేనండీ, వాటిలో చాలావరకు లోపలి గొట్టం విడిగా తిరుగుతుంది, గ్రీజు పెట్టి వేస్తారు, మెలిక సమస్య ఉండదు. కానీ రోడ్డు గరుకంతా లోపలికి తెలుస్తుంది, గ్రీజు ఆరితే కిర్రుకిర్రుమంటుంది. మీరు మన ఊరి రోడ్ల మీద రోజూ ఆఫీసుకి వెళ్లేవాళ్లైతే కంపెనీ రబ్బరే హాయి అని నా అభిప్రాయం. మా తోడల్లుడు పాలీ వేయించుకున్నాడు, ఆయనకి ఆ చప్పుడే స్పోర్ట్స్ కారు ఫీలింగట, ఎవరిష్టం వాళ్లది.

ఇక క్యాంబర్ బోల్టు. మీరు అలైన్‌మెంట్‌కి వెళ్తే కాగితంలో క్యాంబర్ ఎర్రగా వస్తుంది, వాళ్లు "అది అడ్జస్ట్ అవదు సార్" అంటారు. అబద్ధం కాదు, చాలా చిన్న బళ్లలో కంపెనీ నుంచి దానికి ఏర్పాటు ఉండదు. కానీ స్ట్రట్‌ని నకిల్‌కి పట్టే రెండు బోల్టుల చిల్లుల్లో వెంట్రుకవాసి సందు ఉంటుంది, బోల్టులు వదులు చేసి చక్రం పైభాగాన్ని లోపలికో బయటికో నెట్టి పట్టుకుని బిగిస్తే కొంచెం మారుతుంది. అది చాలకపోతే క్యాంబర్ బోల్టు. ఇది అసలు బోల్టు కన్నా సన్నం, మధ్యలో ఒక పక్కకి ఉబ్బు ఉంటుంది, తిప్పితే ఆ ఉబ్బు నకిల్‌ని లోపలికో బయటికో తోస్తుంది. డిగ్రీ, డిగ్రీన్నర దాకా దొరుకుతుంది. మామూలుగా పై చిల్లులో వేస్తారు, కింద పాత బోల్టే ఉండాలి, ఒక్కో చక్రానికి ఒక్కటే. సన్నం కాబట్టి దీని టార్కు వేరు, ప్యాకెట్ మీద ఉన్నదే చూడండి, పాత బోల్టు లెక్కన బిగిస్తే సాగిపోయి తెగుద్ది. ఒక మాట, ఇది వంగిపోయిన నకిల్‌ని దాచిపెట్టడానికి కాదు. ఒక వైపు క్యాంబర్ రెండో వైపు కన్నా డిగ్రీ తేడా ఉందంటే ఏదో వంగింది, ముందు అదేంటో పట్టుకోండి. స్ప్రింగులు కోసి బండి దించేవాళ్లకైతే నేనేం చెప్పను, బండిలో మార్పులు చెయ్యడం గురించి చెప్పే మోటారు వెహికిల్స్ యాక్టు 52వ సెక్షను చదువుకోండి.

కొలవడం. నైలాన్ దారం, నాలుగు స్టాండ్లు లేదా కుర్చీలు, స్టీలు స్కేలు చాలు. బండికి రెండు పక్కలా చక్రం మధ్య ఎత్తులో దారం లాగి కట్టండి. ముందు చక్రం మధ్య నుంచి దారానికి ఎడమ ఎంతో కుడి అంత, వెనక ఎడమ ఎంతో కుడి అంత ఉండాలి. ముందూ వెనకా ఒకటే ఉండాలని మాత్రం జరపకండి, చాలా బళ్లలో ముందు చక్రాల వెడల్పు, వెనక వెడల్పు వేరు, అలా జరిపితే దారమే వంకర అవుతుంది. స్టీరింగు నిటారుగా కట్టేసి, రిమ్ము ముందు అంచు నుంచి దారానికి, వెనక అంచు నుంచి దారానికి కొలవండి, ఆ తేడాయే టో.

ఇక్కడ మళ్లీ నా పాత పాటే. జాకీ దించిన వెంటనే కొలవకండి. చక్రాలు దిగేటప్పుడు నేల మీద టైరు పట్టేసి లోపలికి ముడుచుకుని ఉంటాయి, సస్పెన్షన్ పూర్తిగా కూర్చోదు. బండిని చేత్తో నాలుగడుగులు ముందుకీ వెనక్కీ తోసి, బానెట్ మీద రెండు మూడు సార్లు నొక్కి వదిలి, అప్పుడు కొలవండి. తొయ్యడానికి చోటు లేకపోతే ఒక్కో చక్రం కింద రెండు నున్నటి టైల్స్, మధ్యలో గ్రీజు. క్యాంబర్‌కి రిమ్ముకి నిలువుగా స్కేలు ఆనించి ఫోన్లో కోణం చూసే యాప్ పెట్టండి, 400 మి.మీ.కి ఒక డిగ్రీ అంటే 7 మి.మీ. వాలు. నేల వాలు ఉంది కదా అంటారేమో, బండి అటు తిప్పి అదే చోట పెట్టి మళ్లీ కొలిచి రెండిటి సగటు తీసుకోండి, నేల వాలు కొట్టుకుపోతుంది.

ఇదంతా షెడ్డు దాకా టైరు తినకుండా వెళ్లడానికి. ఆ తర్వాత మెషీను మీద పెట్టించండి. అక్కడ అడగాల్సినవి: మొదట, వెనక చక్రాల రీడింగు చూపించమనండి. వెనక బీమ్ వంగి వెనక చక్రాలు పక్కకి చూస్తుంటే ముందు ఎంత సరిచేసినా స్టీరింగు వంకరగానే నిలబడుతుంది. స్టీరింగు వంకరుంటే తీసి నిటారుగా పెట్టేసే వాళ్లున్నారు, ఒప్పుకోవద్దు, రెండు టై రాడ్లూ సమానంగా తిప్పి సరిచెయ్యమనండి. ఈఎస్‌సీ అనే, బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉన్న కొత్త బళ్లైతే స్టీరింగు సెన్సారు కూడా రీసెట్ చేయించండి, లేకపోతే మీటరులో దీపం వెలుగుద్ది. పాత కాగితం, కొత్త కాగితం రెండూ తీసుకోండి, మొదటిది ఇవ్వరు, అడగాలి.

(ప్రశ్న: "2023 డిసెంబరు వరదలో మా బండి మునిగిందండీ, అప్పట్నుంచి టక్ టక్ అంటోంది.")

మిచౌంగ్ తుపాను అప్పుడా? బాల్ జాయింటు రబ్బరు బూటు ఎక్కడో చిరిగి నీళ్లు, బురద వెళ్లి ఉంటాయి సార్, లోపల గ్రీజు పోయాక ఇనుముకి ఇనుము రాసుకుని వదులవుతుంది. ఒకరు స్టీరింగు కొంచెం కొంచెం అటూ ఇటూ ఆడిస్తుంటే ఇంకొకరు బండి నేల మీద ఉండగానే టై రాడ్ ఎండు మీద వేలు పెట్టి చూడండి, ఆడుతుంటే వేలికే తెలుస్తుంది. మీ బండి తెచ్చారా? ఆ తెల్లదేనా? సరే, అయితే దాన్నే ఎత్తుదాం. వాచ్‌మన్ గారూ ఆ రెండు బైకులు కాస్త పక్కకి తీయించండి. చెప్పులతో వచ్చినవాళ్లు మాత్రం రెండడుగులు వెనక నిలబడండి.